కారణాల గడి: ఒక ఇంటి అనుకోని కొనుగోళ్లపై కేస్ స్టడీ

ఈ కుటుంబానికి అప్పుల బాధ లేదు. తాగుడు, జూదం, చిట్టీల మోసం వంటివేవీ లేవు. గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో ఉంటారు. భర్త ప్రైవేటు సంస్థలో ఇంజినీరు, భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఇంటి వాయిదా, బడి ఫీజులు, పాలు, కరెంటు, పెట్రోలు అన్నీ పోగా నెలకు సుమారు 20 వేలు మిగలాలి. మిగలడం లేదు సరికదా, మూడో వారం దాటితే ఆమె తోటి టీచర్ దగ్గర చేబదులు తీసుకుంటోంది. నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాయిదాలు కట్టలేక వస్తారు. వీళ్లు లెక్క తేలక వచ్చారు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. బిల్లుల తీరు మాత్రం ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను.

మొదటి రోజు ఎవరి వాదన వాళ్లు వినిపించారు. "ఈవిడ చీరలే మేడమ్, ఇంకేమీ లేదు" అని ఆయన. "ఈయన రాత్రిళ్లు ఫోనులో తెప్పించే పెట్టెలు చూస్తే మీకే అర్థమవుతుంది" అని ఆమె. అత్తగారి వాదన మూడోది: పిల్లల చాక్లెట్లు, చిప్సు. ముగ్గురూ ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నారు. తాము కొన్నవన్నీ అవసరమైనవే.

బిల్లులకు ఒక గడి చేర్చాం

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఆరు నెలల బిల్లులు తెమ్మన్నాను. సూపర్ మార్కెట్ చీటీలు, బట్టల దుకాణం బిల్లులు, ఫోనులోని ఆర్డర్ల జాబితా, యూపీఐ చెల్లింపుల వివరాలు. ఇలాంటి లెక్కను సాధారణంగా వస్తువుల వారీగా వేస్తారు: కిరాణాకు ఇంత, బట్టలకు ఇంత అని. అది ఇలాంటి ఇంటికి పనికిరాదు. పప్పు కొన్నా కిరాణాయే, ఒకటి కొంటే ఒకటి ఉచితమని నాలుగు జామ్ సీసాలు కొన్నా కిరాణాయే. అందుకే ప్రతి వస్తువు పక్కన ఇంకో గడి గీయించాను: "ఎందుకు కొన్నారు?" నోటికి వచ్చిన మాట వచ్చినట్టు రాయాలి. ఒకరు రాసింది ఇంకొకరు చూడకూడదు.

రాసి తెచ్చాక వస్తువుల పేర్లనూ ధరలనూ కాగితంతో కప్పి, కారణాల గడిని మాత్రం పైనుంచి కిందికి చదివాను. "ఆఫర్ ఉంది కదా." "ఎలాగూ వాడతాం." "మళ్లీ ఈ ధరకు రాదు." "పండగకు పనికొస్తుంది." "పిల్లల బలానికి మంచిది." "రెండే మిగిలాయి." ఒకే వాక్యం ఇద్దరి కాగితాల్లోనూ, వేర్వేరు వస్తువుల పక్కన, దాదాపు అవే మాటలతో ఉంది. ఇల్లు నడిపేవాళ్ల మాటల్లా లేవు అవి. ఆ వారాంతంలోనే వాళ్లు వెళ్లే దుకాణాలకు వెళ్లి గోడలు, అలమరలు, ఫ్లెక్సీలు చూస్తే ఆ వాక్యాలు చాలావరకు అక్కడే అచ్చయి ఉన్నాయి.

ఈ కేసులో నాకు దొరికిన అసలు కీలకం ఇదే. వ్యాపార ప్రకటన మనలో ఆశ రేపుతుందని అందరూ అంటారు. ఆశ మనకు ముందే ఉంటుంది, దాన్ని రేపడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. నేర్పంతా, ఆ వస్తువు కొన్నందుకు ఇంటికెళ్లి చెప్పుకోవలసిన సంజాయిషీని కూడా సరుకుతోపాటు కట్టి ఇవ్వడంలో ఉంది. సంజాయిషీ చేతికి అందాక, కొనేవాడికి అది అనుకోని కొనుగోలని గుర్తే ఉండదు.

హాకిన్స్ స్టెర్న్ 1962లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్‌లో రాసిన వ్యాసంలో ఇలాంటి కొనుగోళ్లను నాలుగు రకాలుగా విడదీశాడు. పూర్తిగా ఆవేశంలో కొనేది ఒకటి. వస్తువు కంటపడగానే ఇంట్లో నిండుకుందని గుర్తొచ్చి కొనేది రెండోది. మొదటిసారి చూసి, ఇది మనకూ కావాలని అప్పటికప్పుడు అనిపించి కొనేది మూడోది. ఏమైనా తగ్గింపు ఉంటే తీసుకుందామని ముందే సిద్ధపడి వెళ్లి కొనేది నాలుగోది. ఈ దంపతులు తమవన్నీ రెండో రకమేనన్నారు. ఇంట్లో అలమరలు తీయించి చూస్తే మూడో రకం, నాలుగో రకమే ఎక్కువ. నిండుకున్నదని కొన్న షాంపూకు ఇంట్లో మూడు సీసాల తోడు దొరికింది.

సూపర్ మార్కెట్: గీత దాటించే లెక్క

ముందుగా అత్తగారి వాదన తేలిపోయింది. డబ్బు కట్టే చోట పిల్లల చేతికందే ఎత్తులో పెట్టే చాక్లెట్ల రాక్‌ను అందరూ తిడతారు. ఈ ఇంట్లో ఆరు నెలల చాక్లెట్ల ఖర్చు ఒక చీర ధరకు రాలేదు. పిల్లలు నిర్దోషులు.

పాత కిరాణా కొట్టులో చీటీ మన చేతి నుంచి కొట్టు యజమాని చేతికి వెళ్లేది. సరుకు ఆయన వెనుక, మనం బల్లకు ఇవతల. చీటీలో లేనిది మన సంచిలో పడాలంటే ఆయనే నోరు తెరిచి అడగాలి. అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1916లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచి ఆ బల్లను తీసేశాడు. కొనేవాడే అలమరల మధ్య తిరిగి ఏరుకోవాలి. 1937లో ఓక్లహోమా నగరంలో సిల్వన్ గోల్డ్‌మన్ చక్రాల బండి పెట్టాడు, బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించి. మన పట్టణాల సూపర్ మార్కెట్లూ ఆ నమూనాలోనే నడుస్తున్నాయి. బియ్యం, నూనె, పప్పు ఎక్కడో లోపల ఉంటాయి. అక్కడికి చేరేలోపు బిస్కెట్లు, సబ్బులు, ప్లాస్టిక్ డబ్బాలు దాటాలి.

అలమరల వరుస చివర, మలుపులో నిలువెత్తుగా పేర్చే చోటును దుకాణం వాళ్లు ఎండ్ క్యాప్ అంటారు. ఆ చోటుకు కంపెనీలు దుకాణానికి సొమ్ము కట్టడం ఈ వ్యాపారంలో మామూలే. అక్కడ కనిపించే పెద్ద పసుపు అట్టను చూసి ఆమె తగ్గింపు అనుకునేది. కొన్నిసార్లు తగ్గింపే, కొన్నిసార్లు అట్ట మీద రాసి ఉన్నది మామూలు ఎంఆర్‌పీయే. పసుపు రంగు చూశాక అంకె చదవాలని ఎవరికి అనిపిస్తుంది?

పెద్ద ప్యాకెట్ చవక అన్న నమ్మకం ఇంకొకటి. ప్యాకెట్ సరుకుల తూనికలు కొలతల నిబంధనలకు 2021లో చేసిన సవరణ ప్రకారం ఎంఆర్‌పీతోపాటు గ్రాముకో, కిలోకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలి. ఆమెకు ఆ అంకె ఉన్నట్టే తెలియదు. చూపించాక ఆమె చేసిన మొదటి పని, ఇంట్లో ఉన్న పెద్ద డిటర్జెంట్ ప్యాకెట్‌ను చిన్నదానితో పోల్చడం. పెద్దది చవకే. తర్వాత కాఫీ పొడి చూసింది. అక్కడ చిన్నదే చవక. రెండింటికీ ఆమె రాసిన కారణం ఒకటే: "పెద్దది తీసుకుంటే కలిసొస్తుంది."

కానీ అసలు చిల్లు ఇంకోచోట ఉంది. ఆరు నెలల సూపర్ మార్కెట్ బిల్లులను మొత్తాల వారీగా పేర్చితే విచిత్రమైన గుంపు కనిపించింది. చాలా బిల్లులు రెండు వేల రూపాయలకు కాస్త పైన ఆగాయి. 2,012, 2,040, 2,005 ఇలా. రెండు వేలకు కాస్త కిందుగా ఒక్క బిల్లూ లేదు. ఏ ఇంటి అవసరాలూ అలా గీత గీసినట్టు రావు. రూ.1,999 దాటితే కిలో చక్కెర తొమ్మిది రూపాయలకు అన్న పథకం ఆ దుకాణంలో నడుస్తోంది. కౌంటర్ దగ్గర అమ్మాయి మర్యాదగానే చెబుతుంది: "ఇంకో రూ.160 చేస్తే ఆఫర్ వస్తుంది మేడమ్." ఆమె వెనక్కి వెళ్లి ఒక జామో, గది సువాసన డబ్బానో తెస్తుంది. చక్కెర మీద కలిసొచ్చింది ముప్పై అయిదు రూపాయల చిల్లర. దానికోసం ఖర్చయినది నూట అరవై. కారణాల గడిలో మాత్రం జామ్ ఎదురుగా "చక్కెర ఆఫర్" అని ఉంది. దుకాణం ఇచ్చిన సంజాయిషీ ఎంత పక్కాగా పనిచేస్తుందో చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. జామ్ కొన్న తప్పును చక్కెర మోసింది.

ఇందులో దుకాణం అబద్ధమేమీ చెప్పలేదు. చక్కెర నిజంగానే తొమ్మిది రూపాయలకు ఇచ్చింది. ఈ తేడా ముందుముందు అవసరమవుతుంది.

ఆషాఢం, శ్రావణం, మధ్యలో ఒక వోచర్

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బట్టల గిరాకీ పడిపోతుంది. శ్రావణం కొత్త సరుకుకు అలమరలు ఖాళీ కావాలి. అందుకే తగ్గింపులు. వ్యాపారంగా చూస్తే ఇది సబబే. ఇంట్లో పెళ్లి ఉన్నవాళ్లు ఈ నెలలో కొనుక్కోవడం తెలివైన పని కూడా. ఈ ఇంట్లో ఆ ఏడాది పెళ్లి లేదు.

ఆమె వెళ్లింది స్కూల్లో కట్టుకోవడానికి రెండు నూలు చీరల కోసం. పరుపు మీద కూర్చోబెట్టారు, చల్లటి పానీయం ఇచ్చారు. సేల్స్‌మన్ ఒకదాని మీద ఒకటి చీరలు విప్పి పరిచాడు. నూలు అడిగితే నూలు చూపించి, పక్కనే రెండు పట్టు కూడా విప్పాడు. "కొనక్కర్లేదమ్మా, చూడండి, చూస్తే డబ్బులేమీ అడగం కదా." నలభై చీరలు గుట్టపడ్డాక లేచి వచ్చేయడం ఎవరికైనా కష్టమే. ఆమె రాసిన కారణం: "ఇన్ని తీయించాక ఏమీ తీసుకోకపోతే బాగుండదు." ఏ ఫ్లెక్సీ మీదా ఎప్పటికీ కనిపించని వాక్యం ఇది. ఇది మన ఇళ్లలో పెంపకంతో వచ్చే మొహమాటం. దీనికి అచ్చు ఖర్చు కూడా అక్కర్లేదు, విప్పి పరిస్తే చాలు.

బిల్లు అయిదు వేలు దాటింది. అందుకు వెయ్యి రూపాయల గిఫ్ట్ వోచర్ ఇచ్చారు. వెనుక చిన్న అక్షరాల్లో రెండు షరతులు: వచ్చే నెలలోనే వాడాలి, కనీసం మూడు వేలకు కొంటేనే చెల్లుతుంది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు ఆ వోచర్ వృథా పోకూడదని భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. అప్పుడు రెండు చొక్కాలు కొంటే మూడోది ఉచితం నడుస్తోంది. ఆయనకు ఒకటి కావాలి, మూడు తెచ్చుకున్నారు. ఆగస్టు బిల్లుకు ఆయన రాసిన కారణం "వోచర్ ఉంది". జూలై బిల్లుకు ఆమె రాసింది "ఆషాఢం సేల్". మొదటి కొనుగోలు రెండోదానికి కారణాన్ని కని ఇచ్చింది. కలిపి చూస్తే, రెండు నూలు చీరలకు బయలుదేరిన ఇల్లు రెండు నెలల్లో పది వేలకు పైగా బట్టల మీద పెట్టింది. ఆ నూలు చీరల్లో కొన్నది ఒక్కటే.

ఆయన మొదటి రోజు చెప్పిన "ఈవిడ చీరలు" వాదన ఇక్కడ బలహీనపడింది. శ్రావణం బిల్లులో సగానికి పైగా ఆయన బట్టలే.

రాత్రి పదకొండు తర్వాత ఫోను

ఆయన ఆర్డర్లకు తేదీలతోపాటు సమయాలు కూడా తీయించాను. ఎక్కువ భాగం రాత్రి పదకొండుకూ ఒంటి గంటకూ మధ్య. వైరు లేని ఇయర్‌ఫోన్లు, కారు శుభ్రం చేసే చిన్న వాక్యూమ్, గోడకు కొట్టే దీపాల పట్టీ, కూరగాయలు తరిగే యంత్రం. చివరిది ఎవరికోసమని అడిగితే ఆమె నవ్వింది. "నాకోసమట. నేను అడగలేదు."

ఇక్కడ కారణాలు మరీ పొట్టిగా ఉన్నాయి: "టైమ్ అయిపోతోంది", "రెండే ఉన్నాయి". తెర మీద గంటలు, నిమిషాలు, సెకన్లు వెనక్కి పరుగెత్తే గడియారం చూసి రాసినవి. ఒక పరీక్ష చేయమన్నాను. గడియారం కనిపించినప్పుడు తెర ఫొటో తీసి, కొనకుండా వదిలేసి, మర్నాడు అదే సమయానికి మళ్లీ చూడాలి. గడువు ముగిసిన సరుకు మర్నాడు అదే ధరకు, కొత్త గడియారంతో ప్రత్యక్షమైంది. ఇంజినీరు కాబట్టి ఆయనకు నా వివరణ అవసరం లేకపోయింది. తన లెక్క తప్పినందుకు కంటే తనను అంత తేలిగ్గా ఆడించినందుకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపం చికిత్సకు బాగా ఉపయోగపడింది.

చక్కెర పథకానికీ ఈ గడియారానికీ తేడా ఇక్కడే ఉంది. అక్కడ చెప్పింది నిజం, ఇక్కడ చెప్పింది అబద్ధం. చట్టం కూడా ఈ గీతనే పట్టుకుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే కొనేవాళ్లను తప్పుదారి పట్టించేలా తెరను అమర్చే పద్ధతుల మీద, మార్గదర్శకాలు జారీ చేసి 13 రకాల మాయలను పేర్కొంది. లేని తొందర పుట్టించడం వాటిలో మొదటిది. అడగకుండా యాప్‌లోని బండిలో (కార్ట్‌లో) వస్తువో, బీమానో, విరాళమో చేర్చడం ఒకటి. "వద్దు, నాకు ఆదా అక్కర్లేదు" అని మనచేత నొక్కించి సిగ్గుపడేలా చేయడం ఇంకొకటి. ధరను చివరి తెర దాకా దాచి కొంచెం కొంచెంగా పెంచడం, చందా కట్టాక రద్దు చేసుకునే దారి దాచేయడం కూడా అందులో ఉన్నాయి. 2025 జూన్‌లో ఈ సంస్థ ఆన్‌లైన్ వేదికలన్నీ తమ తెరల్లో ఇలాంటివి ఉన్నాయేమో మూడు నెలల్లోగా తామే తనిఖీ చేసుకోవాలని సూచించింది. ఆయన బిల్లుల్లో అడగకుండా చేరిన "వస్తు రక్షణ పథకం" రుసుము రెండుచోట్ల కనిపించింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయించాను. ఒకదాని సొమ్ము వెనక్కి వచ్చింది.

వడ్డీ లేని వాయిదా

దీని గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. మిక్సీ కోసం వెళ్లి వడ్డీ లేని వాయిదాల మీద పెద్ద టీవీ తెచ్చారు. రిజర్వు బ్యాంకు 2013లోనే సున్నా వడ్డీ అన్న భావన అసలు లేదని, ఇలాంటి పథకాల్లో వడ్డీని వేరే రుసుముల రూపంలో దాచి వసూలు చేస్తున్నారని బ్యాంకులను హెచ్చరించింది. వీళ్ల కాగితాల్లో ప్రాసెసింగ్ రుసుము, దాని మీద జీఎస్టీ ఉన్నాయి. మొత్తం ఒకేసారి కట్టి ఉంటే దొరికే తగ్గింపు పోయింది. చెల్లింపు చేతి నుంచి దూరమైన కొద్దీ ధర చిన్నదిగా కనిపిస్తుందన్న దానికి పాత పరిశోధన ఉంది. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, క్రీడా టిక్కెట్లకు క్రెడిట్ కార్డుతో కట్టాల్సినవాళ్లు నగదుతో కట్టాల్సినవాళ్ల కంటే చాలా ఎక్కువ వేలం పాడారు. టీవీకి వీళ్లు రాసిన కారణం "నెలకు రెండు వేలేగా". మిక్సీ ఇప్పటికీ పాతదే.

ఏం చేశాం

నిషేధాలు పెట్టలేదు. కొనవద్దని చెప్పే సలహాదారు దగ్గరికి రెండోసారి ఎవరూ రారు. పైగా సంజాయిషీ ఎంత సిద్ధంగా ఉంటే నిషేధం అంత తొందరగా తెగుతుంది. చేసిన అసలు మార్పు ఒక్కటే: కారణాన్ని ఇంట్లోనే, బయలుదేరే ముందు రాయాలి. సరుకుల చీటీలో ప్రతి వస్తువు పక్కన కొన్ని అక్షరాలు చాలు. దుకాణంలో పుట్టిన కారణంతో ఏదైనా కొనాలనిపిస్తే దాన్ని చీటీ వెనుక రాసుకుని తిరిగి రావాలి. తర్వాతి వారం చీటీలో దానికి ఇంట్లో పుట్టిన కారణం దొరికితే కొనుక్కోవచ్చు.

గీత దాటించే పథకాలకు ఒక లెక్క నేర్పాను. "ఇంకో 160 చేస్తే" అన్నప్పుడు కౌంటర్ దగ్గరే రెండు మొత్తాలు అడగాలి: ఉన్నదాంతో ఎంత, ఆఫర్‌తో కలిపి చేతి నుంచి పోయేది ఎంత. ఆ అమ్మాయి చెప్పేస్తుంది, ఆమెకేమీ నష్టం లేదు. బట్టల దుకాణానికి వేరే మందు వేశాం. కూర్చోకముందే సేల్స్‌మన్‌తో "ఈ రోజు చూడటానికే వచ్చాం, నూలు మాత్రం రెండు తీసుకుంటాం" అని గట్టిగా చెప్పాలి. ఆమెకు ఇది అన్నిటికంటే కష్టమైంది. మా గదిలోనే సాధన చేయించాను, అత్తగారు సేల్స్‌మన్ పాత్ర వేశారు. అద్భుతంగా వేశారు.

ఫోనులో షాపింగ్ యాప్‌ల ప్రకటన సందేశాలు ఆపించి, నచ్చినది బండిలో పెట్టుకుని మర్నాడు సాయంత్రం కట్టాలన్న నియమం పెట్టాం. ఇద్దరికీ చెరి కొంత సొమ్ము, నెలకు పదిహేను వందల చొప్పున, ఎవరూ లెక్క అడగనిదిగా పక్కన పెట్టించాను. దానికి కారణం రాయక్కర్లేదు. కారణం రాయక్కర్లేదంటే సంజాయిషీ అవసరం కూడా ఉండదు, కాబట్టి ఫ్లెక్సీ మీద వాక్యాలకు ఇక్కడ పని లేదు.

ఫలితం

నాలుగో నెలకు చేబదులు ఆగింది. సూపర్ మార్కెట్ ఖర్చు దాదాపు అయిదో వంతు తగ్గింది. బిల్లులు రెండు వేల గీత దగ్గర గుమికూడటం మానేసి 1,400, 1,730, 2,350 ఇలా చెల్లాచెదురయ్యాయి. నాకు ఖర్చు తగ్గడం కంటే ఈ చెల్లాచెదురే ఎక్కువ నచ్చింది. ఇదంతా మా పద్ధతి పుణ్యమేనని చెప్పలేను. బడి ఫీజుల పెద్ద విడత జూన్‌లోనే అయిపోయింది, ఆయనకు మధ్యలో జీతం కాస్త పెరిగింది.

బట్టల మీద ఖర్చు తగ్గలేదు. సంక్రాంతికి పుట్టింటివాళ్లకు పెట్టుబడి చీరలు కొన్నారు, ఆ మొత్తం ఆషాఢం బిల్లును మించింది. కానీ ప్రతి చీర పక్కనా ముందే రాసిన పేరు ఉంది: అమ్మకు, వదినకు, పెద్దమ్మకు. అవి అనుకోని కొనుగోళ్లు కావు, కాబట్టి నా పరిధిలోకి రావు. ఎవరికి ఎంతలో పెట్టాలన్నది ఆ ఇంటి మర్యాద.

ఫోను విషయంలో ఫలితం సగమే. గడియారం ఉన్న సరుకు ఆయన ఇప్పుడు ముట్టడం లేదు, పందెం వేసినట్టుగా. అయితే పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే సేవ వాళ్ల ప్రాంతానికి కొత్తగా వచ్చింది. అందులో మర్నాడు సాయంత్రం దాకా ఆగడమన్న నియమానికి అర్థం ఉండదు, కొత్తిమీర కట్ట రేపటిదాకా ఆగదు. కొత్తిమీరతోపాటు డెలివరీ రుసుము తప్పించుకోవడానికి ఐస్‌క్రీమ్ కూడా వస్తోంది. మళ్లీ గీత దాటించే లెక్కే, ఈసారి గీత రూ.199 దగ్గర ఉంది. దీనికి ప్రస్తుతం వారానికి రెండే ఆర్డర్లన్న పరిమితి పెట్టి చూస్తున్నాం. ఉగాది తర్వాత బిల్లులు మళ్లీ తెమ్మన్నాను.